పోశం కట్టనన్న పన్ను

గోదావరిఖనిలోని ఒక భూగర్భ గనిలో పోశం పంపు నడిపేవాడు. అక్కడివాళ్లు బాయి అని పిలిచే ఆ గని లోపల ఊరే నీళ్లను పైకి తోడి పారబోయడం అతని డ్యూటీ. ఇరవయ్యేళ్ల కుర్రాడిగా పనిలో చేరినవాడు, రిటైర్మెంటు దగ్గర పడేదాకా అదే పని చేశాడు. నీళ్లంటే అతనికి లెక్కలేదు. అలాంటి మనిషిని మోకాలి లోతు కూడా లేని వాగొకటి బోర్లా పడేసింది.

ఆ వాగు అతని భార్య సారవ్వ పుట్టిన ఊరికి అడ్డంగా పారుతుంది. ఊరి పేరు వాగుగూడెం. సెంటినరీ కాలనీ దాటి లోపలికి వెళ్లాలి. డ్యూటీ దిగాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయక తప్పదు కాబట్టి, పోశం అక్కడ రెండు గదుల స్లాబు ఇల్లు కట్టుకున్నాడు. వాగు మీద బ్రిడ్జి మాత్రం లేదు. బ్రిడ్జికి వేసిన శంకుస్థాపన రాళ్లు ఉన్నాయి, మూడు. ఒక్కో ఎన్నికకు ఒక్కో నాయకుడు వచ్చి కొబ్బరికాయ కొట్టి, తన పేరు చెక్కించిన నల్లరాయి పాతించి వెళ్లాడు. వాన బాగా పడితే మూడు రాళ్లూ మునిగిపోతాయి.

రెండేళ్ల కిందట ఒక వానాకాలంలో సారవ్వ తమ్ముడి ఇంట్లో విందు ఉంటే, పోశం కిలోల కొద్దీ మాంసం సంచిలో పెట్టి ఎక్సెల్ బండి హ్యాండిలుకు తగిలించుకుని వెళ్లాడు. వాగు దగ్గర సారవ్వ బండి దిగి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి, నడిచి దాటుదామంది. పోశం వినలేదు. బాయిలో ఇంతకన్నా పెద్ద నీళ్లు చూశానంటూ బండిని వాగులోకి దింపాడు. నీళ్ల కింద ఉన్న రెండో నాయకుడి రాయికి ముందు చక్రం తగిలింది. పోశం గాలిలో లేచి, వెళ్లి మూడో నాయకుడి రాయిని కావలించుకున్నాడు.

సారవ్వ ముందు మాంసం సంచి వెనక పరుగెత్తింది. అది దొరికాకే మొగుడి వైపు తిరిగింది. ఈ మాట పోశం ఇప్పటికీ మరచిపోలేదు. అడిగితే ఆమె జవాబు ఒకటే. "మనిషివి, నువ్వు లేసి వస్తవ్. కూర లేసి వస్తదా?"

మోకాలు చెక్కుకుపోయి వాచింది. దవాఖానాలో కట్టు కట్టారు. సిక్కు లీవులో మంచం మీద పడుకుని, పోశం జీవితంలో మొదటిసారి రాజకీయాల గురించి గట్టిగా ఆలోచించాడు. ఓటు వేయకుండా ఉండొచ్చు. కానీ అతను ఓటు వేయకపోయినా గెలిచేవాడు గెలుస్తూనే ఉన్నాడు. ధర్నాకు కూర్చోవచ్చు. మోకాలు మడవనివ్వదు. చివరికి, కూర్చోకుండానే చేయదగ్గ పోరాటం ఒకటి అతనికి తట్టింది.

డ్యూటీకి వచ్చిన మొదటి రోజే, ఫస్టు షిఫ్టు మొదలయ్యే ముందు, బాయి మీది క్యాంటీన్‌లో టీ గ్లాసు బల్ల మీద పెట్టి అందరూ వినేలా చెప్పాడు.

"మా వాగు మీద బ్రిడ్జి పడేదాక సర్కారుకు ఒక్క పైస పన్ను కట్ట. ఎవడొస్తడో రానీ."

కార్మికులు చప్పట్లు కొట్టారు. అతని పక్కనే కూర్చునే మొగిలి, లాంప్‌రూంలో కార్మికుల టోపీలకు తగిలించే క్యాప్‌లైట్లు ఇచ్చే మనిషి, అన్నిటికీ వివరాలు అడిగే అలవాటున్నవాడు. ఇంతకీ నువ్వు ఏ పన్ను కడుతున్నావని అడిగాడు. పోశం కనుక్కుని చెప్తానన్నాడు.

కనుక్కోవడానికి గని ఆఫీసులో జీతాల సెక్షన్‌కు వెళ్లాడు. అక్కడ వీరేందర్ అనే క్లర్కు ఉంటాడు. ఓపికగల మనిషి. బోనస్ రోజుల్లో వందమంది ఒకేసారి అరిచినా కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చోగలడు. పోశం తన జీతంలో ఆదాయపు పన్ను ఎంత పోతోందో చూపించమన్నాడు. వీరేందర్ చూపించాడు. అంత పెద్ద అంకె చూసి పోశం ఛాతీ పొంగింది. తను సర్కారుకు ఇంత ముఖ్యమైనవాడని అతనికి అప్పటిదాకా తెలియదు.

ఈ నెల నుంచి దాన్ని ఆపేయమన్నాడు. వీరేందర్ ఆపడం కుదరదన్నాడు. జీతం చేతికి రాకముందే అది కట్ అయిపోతుందట. ఇన్సూరెన్సు, పిల్లల ఫీజులు, ఇంటి లోను కాగితాలు ఉంటే తగ్గించే దారి చూస్తానన్నాడు. పోశంకు కోపం వచ్చింది. తనకు తగ్గింపు వద్దని, తను అడుక్కోవడానికి రాలేదని, కట్టనని చెప్పడానికి వచ్చానని అన్నాడు.

వీరేందర్ కళ్లజోడు తీశాడు. "పోశమన్నా, కట్టనని చెప్పాలన్నా ముందు ఆ పైసలు నీ చేతుల ఉండాలె గదనే."

పోశం మెట్లు దిగి వచ్చాడు. అన్యాయం అతనికి అప్పుడు పూర్తిగా అర్థమైంది. పన్ను తీసుకోవడం వరకు సరే, ఇవ్వననే అవకాశం కూడా తీసేసుకున్నారు. ఒక నెల డ్యూటీలు తగ్గించి, నాగాలు పెట్టి, జీతాన్నే పన్ను పడనంత కిందికి దించుదామని చూశాడు. అతను ఒక్క రోజు ఇంట్లో ఊరికే కూర్చునేసరికి సారవ్వ అతని చేత బియ్యంలో రాళ్లు ఏరించి, కూలర్ కడిగించి, అటకమీది సామాను దించి మళ్లీ ఎక్కించింది. మర్నాడు అతను షిఫ్టుకు అందరికంటే ముందు వచ్చాడు.

ఇక మిగిలింది సామాన్ల మీద పడే పన్ను. మొగిలి తన మనవడి ఫోన్‌లో చూపించుకుని, ఏయే వస్తువు మీద పన్ను ఉందో ఒక్కొక్కటిగా క్యాంటీన్‌కు మోసుకొచ్చాడు. సబ్బు మీద ఉంది. పోశం సబ్బు మానేశాడు. పళ్లపొడి మీద ఉంది. వేపపుల్ల పట్టాడు. పెట్రోలు మీద ఎంతుందో విన్నాక ఎక్సెల్ బండికి గోనెసంచి కప్పి, బావమరిది దగ్గర మూలనపడ్డ పాత సైకిల్ తెచ్చాడు. దానికి బ్రేకులు లేవు. కొత్త బ్రేకుల మీద పన్ను ఉంది. అందుకని క్వార్టర్ల దగ్గర మలుపు వచ్చినప్పుడల్లా కాళ్లు రెండూ చాపి, జరగండి జరగండి అంటూ వెళ్లేవాడు. ఫోన్ రీచార్జి మానేస్తే కొన్నాళ్లకు అది మోగడం కూడా మానేసింది. ఆ ఒక్కదానికి మాత్రం అతను లోలోపల సంతోషించాడు.

బాయిలోంచి వచ్చేవాడికి సబ్బు లేకపోవడం చిన్న విషయం కాదు. కుంకుడుకాయ రసంతో తల బాగుపడింది గానీ, చెవుల వెనక, మెడ మడతల్లో బొగ్గు అట్లాగే ఉండిపోయింది. వారం తిరిగేసరికి దిండు గలేబు నల్లగా మారింది. సారవ్వ దాన్ని అతని ముందు ఆరేసి, నువ్వు సర్కారుకు పూస్తానన్న మసి ఎవరికి పూశావో చూడమంది. ఆ రోజు నుంచి అతని మంచం వరండాలోకి మారింది.

మందు సంగతి వచ్చినప్పుడు క్యాంటీన్‌లో అందరూ బల్ల దగ్గరికి జరిగారు. సీసా ధరలో ఎంత భాగం సర్కారుకు పోతుందో మొగిలి చెప్తే, ఇన్నేళ్లుగా రాష్ట్రాన్ని నడిపింది తామేనని చాలామందికి గర్వంగానూ బాధగానూ అనిపించింది. కల్లుకు మాత్రం చెట్టు పన్ను ఎప్పుడో మాఫీ అయిందని కూడా మొగిలే కనుక్కొచ్చాడు. పోశం అప్పటికప్పుడు కల్లుకు మారాడు. అప్పటిదాకా ఒంటరిగా ఉన్న అతని ఉద్యమానికి ఆ సాయంత్రం జనం దొరికారు. సబ్బు మానడానికి ఒక్కరూ ముందుకు రానివాళ్లు, కల్లు మండువాకు మాత్రం గుంపుగా వచ్చి, చెట్ల కింద కూర్చుని, బ్రిడ్జి పడేదాకా ఇదే పట్టు మీద ఉండాలని తీర్మానించారు. వాళ్లలో సగం మందికి వాగు ఎక్కడుందో తెలియదు.

ఇంట్లో మాత్రం చిక్కు వచ్చింది. మంచినూనె మీద పన్ను ఉంది. సారవ్వ నూనె లేకుండా వండనని తేల్చి చెప్పింది. పోశం రెండు పూటలు ఉత్త అన్నంలో మజ్జిగ పోసుకుని తిన్నాడు. మూడో పూట ఆమె చేపల పులుసు పెట్టింది. వాసన వరండాలోకి వచ్చింది. పోశం సైకిలెక్కి మొగిలి ఇంటికి వెళ్లి ధర్మసందేహం అడిగాడు. మొగిలి చాలాసేపు గడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు. "పెండ్లాం కొంటే అది పెండ్లాం కట్టిన పన్ను. నీది గాదు. నువ్వు తినొచ్చు."

ఆ తీర్పుతో పులుసు ఇంట్లోకి వచ్చింది. దాని వెనకే, పెండ్లాం కొన్నదనే పేరు మీద, సబ్బు వచ్చింది. పళ్లపొడి వచ్చింది. పోశం మంచం కూడా లోపలికి వచ్చింది. ఒళ్లు శుభ్రంగా తోముకుని కూర్చున్న ఒక ఆదివారం, తన పోరాటంలో ఇప్పుడు కల్లు తప్ప ఏమీ మిగల్లేదని అతనికి తెలిసివచ్చింది. ఆ రోజు నిజంగానే దిగులుపడ్డాడు. మోకాలి మీద పుండు మచ్చ చూసుకుంటూ, అంత గట్టిగా అన్న మాటను నిలబెట్టుకునే దారే లేదా అని సారవ్వను అడిగాడు.

ఆమె బట్టలు మడతపెడుతూ అంది, "మనూరి ఇంటికి ఇంటిపన్ను రాదా మరి?"

పోశం లేచి నిలబడ్డాడు. అంత దగ్గరలో ఉన్నది అతనికి తట్టనే లేదు. ఇల్లు కొత్తది. మొదటి పన్ను ఇంకా పడాల్సే ఉంది. అది జీతంలో కట్ అయ్యేది కాదు, ధరలో కలిసిపోయేదీ కాదు. ఒక మనిషి గుమ్మం దాకా వచ్చి, చెయ్యి చాచి, కట్టమని అడిగే పన్ను.

ఆ మనిషి పేరు జైపాల్. వాగుగూడెం పంచాయతీలో కారోబారు. పన్నులు వసూలు చేయడం, వీధి దీపాలు వేయడం, నల్లా విప్పడం, కోతుల్ని తరమడం అన్నీ అతని పనే. అతను వస్తున్నాడని తెలిసి పోశం లీవు పెట్టి, తెల్లచొక్కా వేసుకుని, సారవ్వను తీసుకుని ఊరికి వెళ్లి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

జైపాల్ వచ్చి, కాకా ఇంటిపన్ను అన్నాడు. పోశం లేచి మాట్లాడటం మొదలుపెట్టాడు. వాగు గురించి, రాళ్ల గురించి, మోకాలి గురించి, బొగ్గు తవ్వి దేశానికి కరెంటు ఇచ్చే మనిషి అత్తగారి ఊరికి పోలేకపోవడం గురించి చెప్పాడు. సారవ్వ టీ పెట్టి ఇచ్చింది. జైపాల్ టీ తాగుతూ మొత్తం విన్నాడు. బాగా చెప్పావు కాకా అని పక్కింటికి వెళ్లాడు. మరుసటి వారం మళ్లీ వచ్చినప్పుడు ఊళ్లోవాళ్లు ముందే వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. మొదటిసారి వినలేకపోయినవాళ్ల కోసం పోశం అంతా మళ్లీ చెప్పాడు. ఈసారి మోకాలు కూడా చూపించాడు.

మార్చి నెల నడిచేకొద్దీ ఊళ్లో అందరి పన్నూ వచ్చేసింది, ఒక్క పోశంది తప్ప. జైపాల్ ఇక లాభం లేదని, బాకీ ఉన్నవాడి పేరు డప్పుతో చాటింపు వేయించాడు. సిగ్గుపడి కడతాడనుకున్నాడు. ఆ రోజు ఊళ్లోనే ఉన్న పోశం డప్పు చప్పుడు విని గబగబా చొక్కా తొడుక్కుని వచ్చి, డప్పు కొట్టేవాడి వెంట ఊరంతా తిరిగాడు. తన ఇంటిపేరు కూడా కలిపి చెప్పమన్నాడు. హనుమాన్ల గుడి దగ్గర సరిగ్గా వినపడలేదని ఇంకోసారి కొట్టించాడు. ఆఖరున డప్పు కొట్టినాయనకు టీ తాగించి, జేబులో యాభై పెట్టి పంపాడు. తన జీవితంలో అంత గౌరవంగా ఎన్నడూ నడవలేదని తరువాత మొగిలితో చెప్పుకున్నాడు.

ఏప్రిల్‌లో మళ్లీ ఊరికి వెళ్తే పంచాయతీ ఆఫీసు ముందు పెద్ద ఫ్లెక్సీ కనిపించింది. వాగుగూడెంలో నూటికి నూరు శాతం పన్ను వసూలు, మండలంలో మొదటి స్థానం అని రాసి ఉంది. పోశం దాన్ని రెండుసార్లు చదివాడు. తను కట్టకుండా నూరు ఎట్లా అవుతుందో అతనికి అర్థం కాలేదు. లోపలికి వెళ్లి జైపాల్‌ను నిలదీశాడు.

"నా పన్ను ఎవరు కట్టిన్రు?"

"నేనే కట్టిన కాకా," అన్నాడు జైపాల్ తలవంచుకుని.

"నిన్నెవడు కట్టుమన్నడు?"

"ఒక్క ఇల్లు బాకీ ఉన్నా పై సార్లు నన్నే అంటరు. నా జీతం గూడ గీ పన్నులకెల్లే రావాలె కాకా. దసరాకెల్లి రాలే. అందరియి వసూలైతెనన్న ఇస్తరని, మా ఇంటామె మిషిన్ కుట్టిన పైసలు తెచ్చి కట్టిన."

పోశం దగ్గర ఎన్నో మాటలు సిద్ధంగా ఉన్నాయి. అన్నీ సర్కారుకు చెప్పాల్సినవి. జైపాల్ భార్యకు చెప్పదగ్గది ఒక్కటీ లేదు. బయటికి వచ్చి, ఫ్లెక్సీ కింద చెప్పులు వేసుకుని ఇంటికి వెళ్లాడు.

మర్నాడు క్యాంటీన్‌లో దీని మీద పెద్ద చర్చ జరిగింది. జైపాల్‌కు పైసలు ఇస్తే పోశం పన్ను కట్టినట్టే. ఇవ్వకపోతే కుట్టుమిషన్ తొక్కిన ఆడమనిషి చెమటను మింగినట్టు. మొగిలి రెండు టీలు తాగినా తీర్పు ఇవ్వలేకపోయాడు. అంతటి మొగిలి చేతులెత్తేయడం అదే మొదటిసారి.

తీర్పు సారవ్వ ఇచ్చింది, ఎవరూ అడగకుండానే. తర్వాతి ఆదివారం ఊళ్లో తమ్ముడి దొడ్లోంచి బలిసిన నాటుకోళ్లు మూడు పట్టించి, కాళ్లు కట్టి, జైపాల్ ఇంట్లో ఇచ్చి వచ్చింది. దేనికని పోశం అడిగాడు. జైపాల్ ఇంటికి చుట్టాలొచ్చారట అంది. చుట్టాలు ఎవరని పోశం అడగలేదు. ఆ రాత్రి బాగా నిద్రపోయాడు.

డప్పు వెంట నడిచిన రోజు నుంచి ఊళ్లో పోశం పేరు నిలబడిపోయింది. చలికాలంలో పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు, ఆ వార్డులో అతన్నే నిలబెడదామని కులపోళ్లు, వాడకట్టువాళ్లు కలిసి క్వార్టర్‌కు వచ్చారు. పోశం తెల్లచొక్కా తీయించాడు కూడా. తీరా చూస్తే అతను ఇంకా సర్వీసులో ఉన్నాడు, నిలబడటానికి లేదు. పైగా ఆ వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయింది. అందరూ సారవ్వ వైపు చూశారు. ఆమె చింతపండు పిసుకుతోంది. చెయ్యి కడుక్కుని వస్తానంది.

ఇంటికి పన్ను బాకీ ఉంటే నామినేషన్ చెల్లదు. జైపాల్ పుణ్యాన పోశం ఇంటికి బాకీ లేదు. సారవ్వకు పోటీగా వచ్చినామె భర్త మాత్రం పోశం ఉపన్యాసం రెండుసార్లూ విన్నవాడు. ఊళ్లో అతని మాటను నిజంగా మనసుకు పట్టించుకున్న ఒకే ఒక్క మనిషి. ఆ ఏప్రిల్ నుంచి తనూ నెలనెలా కట్టాల్సిన నల్లా పన్ను ఆపేశాడు. ఆఖరి రోజు అధికారి బాకీ కట్టి రమ్మంటే, బ్రిడ్జి పడేదాకా కట్టనని అక్కడే నిలబడి వాదించాడు. పోశం చెప్పిన మాటలనే, ఇంకా గట్టిగా, చెప్పాడు. భార్య మోచేత్తో పొడిచినా ఆగలేదు. అతను ముగించేసరికి గడువు దాటిపోయింది. సారవ్వ ఏకగ్రీవంగా వార్డు మెంబరు అయింది. తన మాట విని ఒకడు నష్టపోయాడని పోశం బాధపడి అతనికి ఒక కుండ కల్లు పంపాడు. అతను దాన్ని సంతోషంగా తీసుకున్నాడు.

మెంబరయ్యాక సారవ్వ మొదటి మీటింగులోనే వాగు సంగతి లేపింది. బ్రిడ్జి పంచాయతీ చేతిలో లేదని, కావాలంటే పెద్ద సిమెంటు పైపులు వేసి, పైన మొరం పోసి దారి చేయొచ్చని సర్పంచ్ చెప్పాడు. దానికి డబ్బు ఎక్కడిదంటే, ఈ ఏడు పన్నులు వసూలైతే అన్నాడు. మర్నాటి నుంచి సారవ్వ జైపాల్‌ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఆమె ఉపన్యాసాలు ఇవ్వలేదు. గుమ్మంలో కూర్చునేది. కట్టేదాకా లేచేది కాదు.

తన ఇంటికి ఆఖరున వచ్చింది. పోశం కుర్చీలో కూర్చుని ఉన్నాడు. భార్యను, కారోబారును చూసి లేచి, గొంతు సవరించుకుని, వాగు దగ్గర మొదలుపెట్టాడు. సారవ్వ వరండా మెట్టు మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా విన్నది. ఇన్నిసార్లూ ఆమె లోపల టీ పెడుతూ ఉండటంతో, అది పూర్తిగా వినడం అదే మొదటిసారి. అతను ముగించాక అంది, "మంచిగనే చెప్తున్నవ్. ఇగ కట్టు."

"బ్రిడ్జి పడ్డదా?"

"పడలే. పైపులు పడ్తయి."

తీర్పు అడగడానికి పోశం దగ్గర మొగిలి లేడు. పైపులంటే సగం బ్రిడ్జి అని తనే తేల్చుకుని, సగం పన్ను కడతానన్నాడు. మిగతా సగం బ్రిడ్జి పడ్డాకేనన్నాడు. అట్లా సగం తీసుకోవచ్చా అని జైపాల్ సారవ్వ వైపు చూశాడు. తీసుకో, మిగిలింది నేను చూసుకుంటానని ఆమె సైగ చేసింది. పోశం లోపలికి వెళ్లి నోట్లు తెచ్చి, తన జీవితంలో మొదటిసారి, చేతిలో పట్టుకుని, చూసుకుని, పన్ను కట్టాడు. అనుకున్నంత కష్టంగా లేదు.

సారవ్వ మెట్టు మీంచి లేచి అతని కుర్చీలో కూర్చుంది. పొద్దుటి నుంచి తిరిగి కాళ్లు లాగుతున్నాయంది. మూడు టీలు పెట్టుకుని రమ్మని, జైపాల్‌కు చక్కెర తక్కువేయమని చెప్పింది. పోశం స్టవ్ ఎక్కడ అంటిస్తారో అడగబోయి, మానుకుని, లోపలికి వెళ్లాడు.